కంపులో పద్నాలుగు నిమిషాలు

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. మబ్బులు మేడల నెత్తిమీదికి దిగి, పిండకుండా ఆరేసిన దుప్పట్లలా వేలాడుతున్నాయి. ఎనిమిదింటికి ఇన్‌స్పెక్టరు జీపు దిగేసరికి పరిశోధనాలయం మెట్ల ముందు ముప్పైమంది నిలబడి ఉన్నారు. ప్రతివాడి ముక్కు మీదా ఏదో ఒకటి ఉంది. రుమాలో, చొక్కా చెయ్యో, అవేవీ లేనివాడికి అరచెయ్యో.

శాఖలో ఆయన్ని మూగాయన అంటారు, చాటునా ఎదటా కూడా. ఆయన కాదనడు, కాదనడానికి ఒక మాట ఖర్చవుతుంది. పశువుల మధ్య పెరిగిన మనిషి. నోరులేని గొడ్డుకి నొప్పెక్కడుందో అది చెవి వాల్చిన తీరునీ, కాలు మోపిన తీరునీ చూసి కనిపెట్టడం చిన్నప్పుడే అబ్బింది. ఉద్యోగంలోకి వచ్చాక మనుషుల్నీ అలాగే చూస్తున్నాడు.

"మూడో అంతస్తు సార్," అన్నాడు హెడ్ కానిస్టేబులు రుమాల్లోంచి. "ఫొటోలు తీసేవాడు లోపలికెళ్లి నిమిషం నిలవలేదు. బయటికొచ్చి కక్కుకున్నాడు. కాస్త గాలాడనిచ్చి వెళ్దురుగాని."

మూగాయన మెట్లెక్కుతూనే ఉన్నాడు.

గది నిండా మనిషెత్తు ఫ్రీజర్లు. నేల మీద నెత్తురు, పగిలిన సీసా పెంకులు. మధ్యలో ఆమె బోర్లా పడి ఉంది. ట్యూబుల కోడ్ల లెక్క చూసే ఆవిణ్ణి అందరూ కోడ్లమ్మ అనేవారట. పక్కన ట్యూబులు పెట్టుకునే ఉక్కు అర ఒకటి, దాని మూలకి జుట్టు, చర్మం అంటుకుని ఉన్నాయి. నాలుగు దెబ్బలు. మొదటిది పక్కనించి చెవి మీద. మిగిలిన మూడూ ఆమె కిందపడ్డ తర్వాత, పైనించి. మొదటి దెబ్బకీ రెండోదానికీ మధ్య ఆమె పెనుగులాడింది. గోళ్లు మూడు ఊడిపోయాయి. హంతకుడు ఆమె తలని తెరిచివున్న ఫ్రీజర్లోకి తోసి అదిమిపట్టాడు. ఎడమ చెంప తోలు, అరచెయ్యంత మేర, లోపలి మంచుకి అతుక్కుని ఉండిపోయింది.

మూగాయన గొంతుక్కూర్చున్నాడు. పావుగంట కదల్లేదు.

"ఎలా కూర్చున్నారండీ బాబూ అక్కడ?" అంది నర్సు గుమ్మం అవతలినించి. ముక్కుకి గుడ్డ, కళ్లల్లో నీళ్లు. ఇరవయ్యేళ్లుగా ఆ చోట నెత్తురు తీసే మనిషి. "మీ ధైర్యానికి దణ్ణం పెట్టాలి."

"మా సార్ శవం పక్కన కూర్చుని టిఫిను కూడా చెయ్యగలరమ్మా," అన్నాడు హెడ్ గర్వంగా, ఇంకా వెనకనించి.

"సీసాలో ఏముండేది?" అన్నాడు మూగాయన.

"నెత్తుర్లోంచి జన్యువులు తీసేటప్పుడు వాడే మందండీ. చుక్క చాలు. ఆ సీసా మూత తియ్యాలంటేనే గాలి లాగే పెట్టెలో పెట్టి తీస్తాం. వెయ్యి గుడ్లు కుళ్లినట్టుంటుంది. పెనుగులాటలో మొత్తం పగిలిపోయింది."

అక్కడి పని ఏమిటో ఆయన అడగ్గా అడగ్గా ఆమె చెప్పింది. పార్కిన్సన్స్ జబ్బు. చేతులు వణుకుతాయి, నడక మొరాయిస్తుంది, మొహంలో కళ పోతుంది. చాలామందికి ఎందుకొస్తుందో తెలియదు గాని, కొన్ని కుటుంబాల్లో తండ్రినించి బిడ్డకి, బిడ్డనించి మనవడికి దిగుతుంది. అలాంటి కుటుంబాల నెత్తురు తొమ్మిది దేశాల నుంచి ఇక్కడికొస్తుంది. ఎర్ర మూత ట్యూబులు ఆ కుటుంబాలవి. నీలం మూతలవి పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల దగ్గర తీసుకున్నవి. ఈ ఊళ్లో అయితే ఆస్పత్రిలో పనిచేసేవాళ్లే ఇచ్చారు.

"పేర్లు?"

"ట్యూబు మీద పేరుండదండీ, అంకే. ఏ అంకె ఎవరిదో రాసిన పుస్తకం ఒక్కటే ఉంది, చేత్తో రాసింది. కంప్యూటర్లో పెడితే ఎవడో ఒకడు చూస్తాడని పెట్టలేదు. అది కోడ్లమ్మ తప్ప ఎవరూ ముట్టుకోరు. పెద్ద డాక్టరుగారైనా సరే, అంకెలే చూడాలి."

"ఫలితం ఎవరికి చెప్తారు?"

"సంతకం పెట్టి అడిగినవాళ్లకే. అడగనివాళ్లకి చచ్చినా చెప్పం. జబ్బు రాకుండా ఆపే మందు లేనప్పుడు, ముందే చెప్పి మనిషి నిద్ర చెడగొట్టడం ఎందుకండీ?"

పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. ఒక కాగితం లేదు. కుట్టు పక్కనించి, పక్క కాగితం మీద గీరైనా పడకుండా కోసేశారు. తెరిచిన ఫ్రీజర్లో నూరు గుంటల అర ఒకటి ముందుకి లాగి ఉంది. తొంభైతొమ్మిది నీలం మూతలు. నాలుగో వరసలో ఒక్క గుంట ఖాళీ. చుట్టూ ఉన్న ట్యూబుల మీద మంచు చెదరలేదు.

నడవాలో, గాలిలో రసాయనం కలిస్తే మోగే గంట ఉంది. అది మోగింది ఏడూ రెండుకి. ఫ్రీజరు తలుపు తెరిస్తే టైము దానంతటదే నమోదవుతుంది. ఏడూ నాలుగుకి తెరిచారు, మళ్లీ ఏడూ పద్దెనిమిదికి ఎవరో తలుపు నెట్టి పోయారు, అది సరిగా పడక కాస్త తెరుచుకునే ఉంది. గంట విని మెట్లెక్కిన కాపలాదారు కంపు భరించలేక ముసుగు కోసం కిందికి పరిగెత్తాడు. దొరకబుచ్చుకుని తిరిగొచ్చేసరికి ఏడూ ఇరవై అయిదు. అప్పుడు శవం తల ఒళ్లో పెట్టుకుని, చేతుల నిండా నెత్తురుతో కూర్చుని ఉన్నాడు తోటమాలి.

మూగాయన ఆ అంకెల్ని రెండుసార్లు చదివాడు. నాలుగు నుంచి పద్దెనిమిది. పద్నాలుగు నిమిషాలు.

కిందనించి కేక వినబడింది. మగమనిషి కేకే గాని, గొంతు ఆడదానిలా చీలిపోయింది.

*

పాత మంచాలు పడేసే గదిలో తోటమాలి నేలమీద ముడుచుకుని ఉన్నాడు. చొక్కా లేదు. వీపు మీద వాతలు ఒకదాని మీద ఒకటి పడి, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో తెలియడం లేదు. కింది పెదవి చీలి వేలాడుతోంది. వాడి పక్కన నిలబడ్డ రెండో ఇన్‌స్పెక్టరు చేతిలో బెల్టు ఉంది. ఆ బెల్టు ఆయన నడుం మీదకన్నా చేతిలోనే ఎక్కువ ఉంటుందని శాఖలో బెల్టాయన అనే పేరు స్థిరపడిపోయింది. హోదాలో ఇద్దరూ సమానం. కేసు ముందు ఆయనకే అందింది.

"రావయ్యా మూగీ. ఆలస్యంగా వచ్చావు," అన్నాడు బెల్టాయన. "పన్నెండింటికి పైవాళ్లకి ఒప్పుకోలు కాగితం పంపాలి. వీడు సగం ఒప్పుకున్నాడు. మిగతా సగం ఇదిగో, ఇందులో ఉంది." బెల్టు ఆడించాడు. "చూడు, తప్పు చేసినవాడి చెయ్యి ఎలా వణుకుతోందో."

"ఇది భయం కాదయ్యా," అన్నాడు తోటమాలి నేలనించి. "ఆరేళ్లబట్టీ ఇంతే."

వాడి కుడి బొటనవేలు చూపుడువేలి మీద, కనబడని గింజని నలుపుతున్నట్టు ఆడుతోంది. మూగాయన ఆ వేళ్లని చూస్తూ ఉండిపోయాడు. తన నాన్నకీ చివరి రోజుల్లో చెయ్యి అలాగే ఆడేది. నీళ్ల గ్లాసు నోటిదాకా వచ్చేలోపు చొక్కా తడిసిపోయేది. వయసు మీద పడిందనుకున్నారు. అప్పటికి ఆయనకి యాభై రెండు.

బెల్టు లేచింది. దిగలేదు. మూగాయన గాల్లోనే పట్టుకుని రెండు చుట్లు పిడికిలికి చుట్టాడు.

"వదులు."

మూగాయన వదల్లేదు. బెల్టాయన ఎడమచేత్తో గుద్దాడు. పెదవి పగిలింది, ఒక పన్ను ఊగింది. రెండో గుద్దు దవడ మీద పడింది. మూడోది పడకముందే మూగాయన పిడికిలి తిప్పాడు. బెల్టుతోపాటు అవతలివాడి మణికట్టూ తిరిగింది. గిత్తని ముక్కుతాడు పట్టి కూలేసినట్టు బెల్టాయన మోకాళ్ల మీదికొచ్చాడు. కానిస్టేబుళ్లు గోడలవైపు చూశారు.

"పన్నెండు ఇంకా కాలేదు," అన్నాడు మూగాయన, నెత్తురు ఉమ్మి. తర్వాత తోటమాలి వైపు తిరిగాడు. "పైకెందుకెళ్లావు?"

"మా అమ్మాయి నెలలు నిండి ఉందయ్యా. నా జబ్బు దానికీ వస్తుందో రాదో చెప్పమని. నిన్నా అడిగాను. అమ్మాయే వచ్చి అడగాలి, తండ్రి అడిగితే కుదరదంది కోడ్లమ్మ. కోపమొచ్చి కేకలేశాను, తప్పే. ఇవాళ మంచిగా అడుగుదామని తోటవైపు మెట్లమీంచి వెళ్లాను. వెళ్లేసరికి..." నెత్తురంటిన చేతులు చూసుకున్నాడు. "తల ఎత్తి పట్టుకుంటే బతుకుతుందేమో అనుకున్నానయ్యా."

"కంపు?"

"ఏం కంపయ్యా?"

బెల్టాయన మణికట్టు నలుపుకుంటూ నవ్వాడు. "విన్నావా? మేడంతా ఖాళీ అయింది. వీడు ఏం కంపంటాడు. గంట మోగాక ముక్కున్నవాడెవడూ లోపలికి పోలేడు. అంటే సీసా పగిలేటప్పటికే వీడు లోపలున్నాడు. చాలదూ?"

మూగాయన నర్సుని పిలిచాడు. పైనించి ఆ మందులో తడిపిన దూది ఒకటి, మూతపెట్టి తెమ్మన్నాడు. తెచ్చింది. ఆయనే మూత తీసి, తోటమాలి కళ్లు మూయించి, ముక్కు కింద పట్టాడు. కానిస్టేబుళ్లు తలుపు తన్నుకుని బయటపడ్డారు. బెల్టాయన గోడకి అంటుకుపోయి బూతు తిట్టాడు.

తోటమాలి గట్టిగా పీల్చాడు. "తడి దూదయ్యా. చల్లగా ఉంది."

"ఈ జబ్బులో ముక్కు ముందు పోతుందండీ," అంది నర్సు గుడ్డలోంచి. "మా కుటుంబాల్లో చాలామందికి వణుకు రావడానికి ముందే, ఒక్కోళ్లకి పదేళ్ల ముందే వాసన తెలియడం మానేస్తుంది. పోయిన సంగతి కూడా వాళ్లకి తెలీదు. ముక్కు పోయినవాళ్లందరికీ జబ్బొస్తుందని కాదు లెండి, జలుబుకీ పోతుంది."

"మరీ మంచిది," అన్నాడు బెల్టాయన. "వాసన తెలీదు కాబట్టే వీడు తాపీగా లోపల కూర్చుని పని కానిచ్చాడు. నా కేసు నువ్వే గట్టిపరిచావు."

మూగాయన కానిస్టేబుల్ని పైకి పంపాడు. ఖాళీ అర ఒకటి తెప్పించి, నీళ్లు నింపిన ట్యూబులు నూరూ పేర్పించాడు. "నాలుగో వరస, ఏడోది తియ్యి," అన్నాడు తోటమాలితో.

తోటమాలి చెయ్యి చాపాడు. వేళ్లు ఆ వరస దగ్గరికి వెళ్లేలోపే మూడు ట్యూబులు ఎగిరి నేల మీద దొర్లాయి. నాలుగోసారికి అర మొత్తం బోర్లాపడింది. వాడు పగిలిన పెదవి బిగించి ఏడుపు ఆపుకున్నాడు. వీపు మీద దెబ్బలకి ఏడవనివాడు దీనికి ఏడ్చేలా ఉన్నాడు.

"పైన తొంభైతొమ్మిదీ చెక్కుచెదరలేదు," అన్నాడు మూగాయన. "కాగితం దారం పట్టి గీసినట్టు తెగింది. పోయింది నీలం మూత. ఇతనిది ఎర్ర మూత." అంత పొడుగు మాట్లాడినందుకు ఆయనకే ఆయాసం వచ్చినట్టుంది. "వణకని చెయ్యి. ఆ కంపులో పద్నాలుగు నిమిషాలున్నా తెలియని ముక్కు. ఆస్పత్రి మనిషి."

నర్సు ముక్కుమీది గుడ్డ మెల్లిగా జారింది.

"నిన్న సాయంత్రం సముద్రం అవతల మన ట్యూబుల్ని పరీక్షించే బృందం నుంచి ఒక ఉత్తరం వచ్చిందండీ," అంది. "మీ ఆరోగ్యవంతుల్లో ఒకడు ఆరోగ్యవంతుడు కాడు, ఈ అంకెని రోగుల కుటుంబాల వైపు మార్చండి అని. కోడ్లమ్మ పుస్తకం తీసి చూసుకుంది. మొహం తెల్లగా పాలిపోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి రూలు తప్పాలేమోనే, అడక్కుండానే చెప్పాలేమో అంది. ఎవరికే అంటే చెప్పలేదు. ఒక్క మాట మాత్రం అంది. ఆ చేతుల్లో మనుషుల తలలున్నాయే అని." ఆమె జారిన గుడ్డ చేతిలోకి తీసుకుంది. "నాకప్పుడు తట్టలేదండీ."

"తలలు కోసేది ఎవరు?" అన్నాడు బెల్టాయన.

"ఈ పరిశోధన నడిపేది ఆయనేనండీ. పెద్ద డాక్టరుగారు. వణుకు తగ్గడానికి పుర్రెకి రంధ్రం పెట్టి లోపలికి తీగ దింపుతారు. ఇవాళ పన్నెండింటికి ఒక ఆపరేషనుంది."

టైము పదకొండూ ఇరవై.

*

పెద్ద డాక్టరు గది ఇంకో విభాగంలో, రెండు మేడల అవతల. అక్కడికి ఆ కంపు రావడానికి వీల్లేదు. అయినా బయటి గదిలో కార్యదర్శి చలిగాలి లోపలికి కొడుతున్నా కిటికీలన్నీ తెరిచి పెట్టుకుంది. తన కుర్చీని గుమ్మం దాకా లాక్కుంది. మూగాయన ఆ కుర్చీ జరిగిన గీతల్ని చూశాడు.

డాక్టరు ఆకుపచ్చ దుస్తుల్లో ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. బల్ల మీద పెట్టిన చేతులు రాతిలో చెక్కినట్టున్నాయి. "ఘోరం జరిగింది," అన్నాడు. "పదిహేనేళ్లు నాతో పనిచేసింది. నాకు పది నిమిషాలే ఉంది, అడగండి."

"ఏడింటికి ఎక్కడున్నారు?"

"ఇక్కడే. రోగి ఫిల్ములు చూసుకుంటున్నాను."

"తోటవైపు మెట్లు మీ విభాగానికీ కలుస్తాయి."

"అందరి విభాగాలకీ కలుస్తాయి."

మూగాయన కాసేపు ఆయన బూట్లకేసి చూశాడు. నల్లటి తోలు బూట్లు. వాన పడని పొద్దున కడిగినవి. కుట్ల దగ్గర ఇంకా తడి ఆరలేదు.

"ఈ గదిలో వాసనేమైనా వస్తోందా డాక్టరుగారూ?"

డాక్టరు తల కొంచెం ఎత్తి పీల్చాడు. "స్పిరిట్ వాసన. ఆస్పత్రి గది కదా."

గుమ్మంలో నిలబడ్డ బెల్టాయన రుమాలు నోటికి అదుముకున్నాడు. "స్పిరిటా? కుళ్లిన గుడ్ల గంప నెత్తిన బోర్లించినట్టుంటే స్పిరిటంటావేంటయ్యా. పైగదిలో ఉన్న కంపే ఇది. నీ కాళ్ల దగ్గర్నించే వస్తోంది."

డాక్టరు తన బూట్లకేసి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. కడిగేశాను కదా అని అడుగుతున్నట్టున్నాయి కళ్లు. నెత్తురు కంటికి కనబడింది కాబట్టి కడిగాడు. కనబడనిది ఒకటుంటుందని తోచలేదు.

తర్వాత జరిగింది మూగాయన కంటికి కూడా సరిగా ఆనలేదు. డాక్టరు పక్కనున్న ట్రేలోంచి బ్లేడు ఎప్పుడు తీశాడో, బల్ల ఎప్పుడు దాటాడో. మెడకి గురిపెట్టిన వేటు మూగాయన అడ్డుపెట్టిన ముంజేతి మీద పడి, చర్మం మోచేతి నుంచి మణికట్టుదాకా ఒకే గీతలో తెరుచుకుంది. పుస్తకంలో కాగితం తెగినట్టే. ఎముక తెల్లగా కనబడింది. ఇద్దరూ కలిసి కుర్చీ మీద, కుర్చీతో సహా గాజు అలమారా మీద పడ్డారు. రెండో వేటు భుజంలో దిగింది. మూగాయన తలతో ఆయన ముక్కు మీద కుమ్మాడు. ఎముక విరిగిన చప్పుడైంది. బ్లేడు పట్టిన చెయ్యి మూడోసారి లేచింది.

బెల్టాయన ఉక్కు ట్రే ఎత్తి ఆ చేతిమీద కొట్టాడు. బ్లేడు పడిపోయాక కూడా కొట్టాడు. అరచెయ్యి నేలకి ఆనించి, బూటు మడమతో తొక్కిపట్టి మళ్లీ కొట్టాడు. వేళ్లు ఎండు కంపల్లా విరిగాయి.

"చాలు," అన్నాడు మూగాయన.

బెల్టాయన ఆగలేదు. మూగాయన నెత్తురోడే చేత్తోనే ఆయన కాలరు పట్టి వెనక్కి లాగాల్సొచ్చింది.

ఆకుపచ్చ చొక్కా లోపలి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం, నీలం మూత ట్యూబు దొరికాయి. కాల్చడానికి తీరిక దొరకలేదు. కాగితంలో ఒక అంకె ఎదురుగా ఆయన పేరు కోడ్లమ్మ గుండ్రటి రాతలో ఉంది.

డాక్టరు గోడకి ఆనుకుని, విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని నవ్వాడు. పళ్ల సందుల్లో నెత్తురు. "పోనీ. ఎలాగూ నావి కాకుండా పోయే వేళ్లే. ఇంకో పదేళ్లు కోసేవాణ్ణి, ఎవరికీ తెలిసేది కాదు. రాత్రి కోడ్లమ్మ ఫోన్ చేసి, ఆపరేషన్లు మానెయ్యండి డాక్టరుగారూ, నేను అడిగానని కాదు, మీ రోగుల కోసం అంది." మంచి చేత్తో ముక్కు నెత్తురు తుడుచుకున్నాడు. "ఒక్కటి అడుగుతాను ఇన్‌స్పెక్టరుగారూ. నాకు వాసన తెలియలేదు, నిజమే. మీకు తెలిసిందా?"

మూగాయన చేతిలోంచి నెత్తురు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

"మీతో వచ్చినాయన రుమాలు అదుముకున్నాడు. నర్సు గుడ్డ కట్టుకుందట. నా కార్యదర్శి తన కుర్చీని ఎత్తుకుపోయింది, అదీ నాకిప్పుడే అర్థమైంది. మీరు మాత్రం ఉత్తి ముక్కుతో వచ్చారు. పొద్దున ఆ గదిలో పావుగంట కూర్చున్నారట, ధైర్యవంతుడని అంతా చెప్పుకుంటున్నారు." డాక్టరు తల వాల్చి, రోగిని చూసినట్టు చూశాడు. "మీ నాన్నగారి చేతులు ఎలా ఉండేవి?"

బెల్టాయన రుమాలు దించి మూగాయన మొహంలోకి చూశాడు. ఈసారి వెక్కిరింపు లేదు.

*

నర్సు ఇరవై ఆరు కుట్లు వేసింది. కట్టు కట్టాక మడిచిన కాగితం ఒకటి ఆయన చొక్కా జేబులో పెట్టింది. ఫలితం కావాలని అడిగేవాళ్లు సంతకం పెట్టడానికి అడుగున ఖాళీ గీత ఉంది, అంతే. మెట్ల దగ్గర తోటమాలి రెండు చేతులూ జోడించబోయాడు. అవి ఒకచోట నిలవలేదు. మూగాయన ఆ రెంటినీ తన మంచి చేత్తో కలిపి పట్టుకుని, కాసేపు అలాగే ఉంచి, జీపెక్కాడు.

ఇంటికి చేరేసరికి మూడు. మబ్బు ఇంకా అలాగే ఉంది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. కత్తిపోటని హెడ్ ఫోన్‌లో చెప్పాడట. కట్టు చూసింది, మొహం చూసింది, లోపలికి నడిచి పళ్లేలు వేసింది. పెద్ద కూతురు నీళ్లు పెట్టింది. ముగ్గురూ కూర్చున్నారు.

భార్య అన్నం వడ్డించింది. కూర వడ్డిస్తూ ఒక్క క్షణం చెయ్యి ఆపింది, ఏదో అనబోయి మానేసింది. కూతురు లేచి కిటికీ రెండు రెక్కలూ తెరిచి వచ్చి కూర్చుంది.

మూగాయన ఆ కిటికీని చూశాడు. తర్వాత పొయ్యి వైపు చూశాడు. నీళ్లలో నానబెట్టిన గిన్నె అడుగు నల్లగా, బొగ్గులా ఉంది. ఫోన్ మోగినప్పుడు ఎవరూ పొయ్యి ఆపలేదు.

తల్లీ కూతురూ ఆయన్నే చూస్తున్నారు. ఆ చూపులో ఆశ్చర్యం లేదు. అలవాటు ఉంది. ఎన్నాళ్లబట్టీ ఉందో ఆయన ఇంతవరకూ చూడలేదు.

జేబులో కాగితం ఛాతీకి గుచ్చుకుంటోంది. ఆయన ఎడమచేత్తో అన్నం కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద కలిపాడు. భార్య కూడా ఆ మాడిన కూరే తన పళ్లెంలో వేసుకుంది. కూతురు గిన్నె తన వైపు లాక్కుంది. ముగ్గురూ పళ్లేలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.